ఆర్చ్‌టాప్ బ్రిడ్జికి ఫెవిక్విక్ వేయకండి

‘ఆర్చ్‌టాప్ గిటార్ కొనేముందు తెలియాల్సిన ఐదు నిజాలు’ అనే మెసేజ్ విజయవాడ, గుంటూరు గిటార్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు పంపుతున్నారు. ఆర్చ్‌టాప్ అంటే వయొలిన్‌లా పైపలక వంపు తిరిగిన గిటార్; బ్రిడ్జి అంటే ఆ పలక మీద తీగలను మోసే ముక్క. అందులో మూడోది పాటిస్తే గిటార్ పాడవుతుంది, కాబట్టి ఊరుకోలేను.

మొదటిది, పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రాలు అందానికేనట. కాదు. లోపలి గాలి మోత బయటికొచ్చేది వాటిలోంచే.

రెండోది, ఆంప్లిఫయర్ లేకపోతే ఈ గిటార్ వినబడదట. గిబ్సన్ కంపెనీ ఆర్చ్‌టాప్ ఎల్-5 వచ్చింది 1922లో, అదే కంపెనీ ఎలక్ట్రిక్ ఈఎస్-150 వచ్చింది 1936లో. ఆ మధ్యకాలంలో జాజ్ బృందాల్లో బాకాల హోరును దాటి వినబడాలనే దీని ఒళ్లు పెంచుతూ పోయారు: ఎల్-5 వెడల్పు 16 అంగుళాలు, 1934 నాటి సూపర్ 400కి 18. కరెంటు లేకుండా మోగడానికి పుట్టినదాన్ని పట్టుకుని ఈ మాటా!

నాలుగోది, మన సంగీతానికి పనికిరాదని. హిందుస్తానీ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ వాయించే మోహన వీణ ఏమిటనుకున్నారు? మీటకుండానే వంతగా మోగే తరపు తీగలు చేర్చి మార్చుకున్న ఆర్చ్‌టాపే.

ఐదోది మాత్రం నిజం. ఒక్కరే కూర్చుని పాడుకోవడానికి మామూలు గిటారే హాయి. ఆర్చ్‌టాప్‌లో స్వరం గభాలున లేచి తొందరగా ఆగిపోతుంది. కౌంట్ బేసీ జాజ్ బృందంలో గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ కొట్టిన ప్రతి దెబ్బా విడివిడిగా తెలిసేది అందువల్లే.

ఇక మూడోది: ‘బ్రిడ్జి జరుగుతుంటే రెండు చుక్కలు ఫెవిక్విక్ వేయండి’. ఇది రాసినవాళ్లు వయొలిన్‌ని దగ్గరగా చూసినట్టు లేదు. దాని గుర్రం (వయొలిన్ బ్రిడ్జి) లాగే ఇదీ తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. జరపగలగాలనే అలా చేశారు. పన్నెండో మెట్టు దగ్గర తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటి, ఆ సన్నని స్వరం (హార్మోనిక్) వినండి, తర్వాత అదే మెట్టు నొక్కి వాయించండి. నొక్కిన స్వరం శ్రుతి ఎక్కువగా పలికితే తీగలు కాస్త వదులు చేసి బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల కింది చివర కట్టే భాగం) వైపు ఒక మిల్లీమీటరు జరపండి, తక్కువ పలికితే నెక్ వైపు. మళ్లీ శ్రుతి చేసి చూడండి. ఒకటో తీగకీ ఆరో తీగకీ విడిగా చూడాలి, బ్రిడ్జి కాస్త ఏటవాలుగా నిలిస్తే కంగారు పడొద్దు. కుదిరాక పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. తీగలు ఒక్కొక్కటే మార్చండి, అన్నీ ఒకేసారి తీస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఊరికే జరుగుతోందంటే తీగలు మరీ సన్నవై ఉంటాయి. పది గేజ్ తీసి పన్నెండు వేసి చూడండి. లేదా బ్రిడ్జి అడుగు పైపలక వంపుకి ఆనడం లేదు. పలక మీద 120 నంబరు గరుకు కాగితం గరుకు వైపు పైకి పరిచి, బ్రిడ్జిని నిలువుగా పట్టుకుని దాని మీద రుద్దండి. వంపు అడుగుకి దిగుతుంది.

ఇప్పటికే అంటించేశారా? స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, పాలిష్‌తోపాటు చెక్క పీచు కూడా లేచొస్తుంది. అసిటోన్ అసలు పోయకండి, జిగురుతో పాటు పాలిష్‌నీ కరిగిస్తుంది. వదులు చేసిన తీగలతో, ఉన్నది ఉన్నట్టుగా, రిపేరు తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.