తొడిమలు తీయు యంత్రరాజం వారి సముఖానికి

మహారాజశ్రీ ద్రాక్ష తొడిమలు తీసి పండు చిదిమే యంత్రరాజం వారి సముఖానికి, నిన్న ఉదయం తమరిని ఒక్క రోజు అద్దెకు తెచ్చుకొన్న భాగ్యశాలి, కాలిఫోర్నియాలోని తన ఇంటి గ్యారేజీ నుంచి, ఊదారంగు ఎక్కిన వేళ్లతో అనేక నమస్కారాలు చేసి వ్రాసుకొన్న విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరు కుశలంగానే ఉన్నారు. ఇప్పుడే చూసి వచ్చాను. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి తళతళలాడుతూ, నాలుగు కాళ్ల మీద నిటారుగా, ఏ పాపమూ ఎరగనట్టు నిలబడి ఉన్నారు. వ్రాయవలసినదల్లా మా సంగతే.

ఇంట్లో వైన్ చేసుకొందామని, ఈ రాష్ట్రంలోనే ఉన్న లోడై నుంచి వెయ్యి పౌండ్ల జిన్‌ఫండెల్ రకం ద్రాక్షను, అంటే మన లెక్కలో సుమారు నాలుగున్నర క్వింటాళ్లను, నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి తెచ్చుకొన్నామని తమకు తెలుసు. చివరి కొద్దిపాటి తప్ప అదంతా తమ నోటిగుండానే కదా పోయింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో, అమ్మకూడదన్న షరతు మీద, ఏడాదికి 200 గ్యాలన్ల వైన్ చేసుకొనే వెసులుబాటును ఈ దేశపు చట్టం ఇచ్చింది. మా సరుకుకు డెబ్బై గ్యాలన్లు దిగితే గొప్ప కనుక చట్టానికి మా వల్ల బెంగ లేదు. మాకే తమ వల్ల వచ్చింది. అద్దెకిచ్చిన దుకాణదారు తమ వీపు తట్టి, గంటకు టన్ను ఆడేస్తుందని సెలవిచ్చాడు. ఆ లెక్కన మాది అరగంట పని. ఒంటిగంటకు మొదలుపెట్టి ఒకటిన్నరకు ముగిస్తామని, రెండింటికి పులిహోర, దానిపైన ఒక కునుకు అని నేను మా ఇంట్లో మాట ఇచ్చాను. రాత్రి ఏడున్నరకు దీపం వేసుకొని, ప్లాస్టిక్ పీపాలో మోచేతుల దాకా ముంచి, నేను ఏమి ఏరుతూ కూర్చున్నానో తమకు తెలిసినా చెబుతాను. తొడిమలు.

చిన్న విషయాలను పెద్దవి చేసే స్వభావం నాకు లేదు. తమ మోటారుకు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు నచ్చక మూడుసార్లు అలిగి బ్రేకరును పడగొట్టారు; అదే లైను మీదున్న ఫ్రీజరులో ఏడాదికని దాచుకొన్న గోంగూర అంతా మెత్తబడింది. పోనివ్వండి. తమ తీపి వాసనకు వీధిలోని పసుపు చారల కందిరీగలన్నీ పేరంటానికి వచ్చాయి; ఒకటి నా మెడ మీద కుట్టింది. అదీ పోనివ్వండి. జిన్‌ఫండెల్ గుణం ఎలాంటిదంటే ఒకే గుత్తిలో పచ్చికాయ, మాగిన పండు, ఎండుద్రాక్ష కాపురం చేస్తుంటాయి. నిన్న సాయంత్రం తీపి 24.5 బ్రిక్స్, అంటే రసం తూకంలో నూటికి అన్ని పాళ్ల చక్కెర, చూపిన కొలతగొట్టం, ఎండుద్రాక్షలు రాత్రంతా నాని తమ చక్కెర వదిలాక ఈ ఉదయం 26 చూపింది. ఆ తప్పు తమది కాదని ఒప్పుకొనేంత న్యాయబుద్ధి నాకు ఇంకా మిగిలే ఉంది.

తమ నిర్మాణం గురించి అద్దెకు తెచ్చుకోవడానికి ముందే శ్రద్ధగా చదివాను. పై తొట్టిలో గుత్తులు పోస్తే అడుగున తిరిగే మర వాటిని రెండు పళ్ల రోలర్ల నడుమకు నెడుతుంది. రోలర్లు పండును పగలగొట్టాలే తప్ప నూరకూడదు, ఎందుకంటే గింజ చితికితే దానిలోని చేదూ వగరూ రసంలోకి దిగి వైన్‌ను పాడుచేస్తాయి. అక్కడి నుంచి గుత్తి ఒక చిల్లుల డబ్బాలోకి జారుతుంది. డబ్బా నడిమధ్య ఇరుసు, దాని చుట్టూ మెట్లమెట్లుగా తెడ్లు. ఆ తెడ్లు గుత్తిని కొడుతూ, దొర్లిస్తూ, ముందుకు తోస్తూ పోతుంటే పండూ రసమూ చిల్లుల్లోంచి కింది పీపాలోకి రాలాలి. బోడికాడలు డబ్బా కొసన బయటికి వచ్చి పడాలి. మా వైపు నూర్పిడి మిషను వడ్లను గడ్డి నుంచి విడదీసే పద్ధతీ దాదాపు ఇదే. గింజది ఒక దారి, గడ్డిది ఒక దారి. చదువుతున్నప్పుడు మనసుకు ఎంత హాయిగా అనిపించిందో!

తమరు మూడో దారి కనిపెట్టారు. గుత్తిని రోలర్ల మధ్యనే కసాబిసా నమిలి, కాడను అంగుళానికి రెండు ముక్కలు చేసి, చిల్లుల్లో పట్టేంత సైజుకు తెచ్చి, పండుతో పాటే కిందికి వదిలారు. డబ్బా కొసన గంపెడు కాడలు పోగవుతాయని నేను పెట్టిన గంప సాయంత్రానికి సగం కూడా నిండలేదు. ఆ పడినవాటికైనా సగం పండ్లు అలాగే వేలాడుతున్నాయి. ద్రాక్ష గుత్తి తూకంలో కాడ నూటికి నాలుగైదు పాళ్లుంటుందని అంటారు. ఆ లెక్కన తమ నోట పడిన నాలుగు క్వింటాళ్ల పైచిలుకుకు పదహారు కిలోలకు తగ్గకుండా కాడ రావాలి. గంపలో ఉన్నది ఏడు కిలోలు. మిగతాది ఎక్కడికి పోయిందని తమరిని అడగడం దండగ; పీపాలో చెయ్యి పెడితే తెలిసింది.

దోసిలి ముంచి పైకి తీశాను. రసం వేళ్ల సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో తొక్కలు, గింజలు, వాటి మధ్య పచ్చగా, అర అంగుళం పొడవున, ఒక కొసన పండు ఊడిన చోట చిన్న బుడిపెతో, మరో కొసన పీచు పీచుగా చిరిగిన ముక్కలు. లెక్కపెట్టాను. పదకొండు. రెండో దోసిలిలో తొమ్మిది. మూడో దోసిలి లెక్కపెట్టలేదు, ఎందుకంటే అప్పటికి పీపాలు ఐదున్నాయని గుర్తుకు వచ్చింది.

ఇంత చిన్న ముక్కకు ఇంత గొడవా అని తమరు అనుకోవచ్చు. కాడలో పొటాషియం ఉంటుంది. అది రసంలోని పులుపును చంపుతుంది. పచ్చికాడ కొంత రంగును తానే పీల్చుకొంటుంది, బదులుగా పచ్చిగడ్డి వాసనను, నాలుక మీద గీరుకొనే వగరును ఇస్తుంది. తెగని కాడ వీటిని నిదానంగా వదిలితే, చిరిగిన కాడ పుల్ల విరిచిన జిల్లేడులా కారుతూ కూర్చుంటుంది. మా నలుగురిలో ఒక మిత్రుడు ఆశావాది. ఫ్రాన్సులోని బర్గండీలో వైన్ చేసే మహామహులే కాడలతో సహా పులియబెడతారని, అక్కడి పేరుమోసిన రొమానీ-కాంటీ వైన్ కూడా అలాగే వస్తుందని, మనమూ అదే బాణీ అని చెప్పుకొందామని ఓదార్చాడు. అదే బర్గండీలో వైన్ చేసిన ఆన్రి జాయే అనే మహానుభావుడు ఒక్క కాడ కూడా తొట్టిలో పడనిచ్చేవాడు కాదని నేను గుర్తుచేశాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు శాఖల వారికీ గుత్తి మీద గౌరవం ఉంది. ఒకరు గుత్తిని గుత్తిగా ఉంచుతారు, మరొకరు పండును పండుగా విడదీస్తారు. గుత్తిని తురిమి పోపు పెట్టే శాఖ తమరితోనే మొదలైంది.

నేను గుంటూరు జిల్లావాణ్ణి. తొడిమ అనే మాట నాతో ఆచితూచి మాట్లాడవలసిన మాట. మా వైపు శీతల గిడ్డంగుల దగ్గర ఆడవాళ్లు మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చొని, కబుర్లు చెప్పుకొంటూనే, కాయను చూడకుండానే, బొటనవేలి గోటితో ఒక్క విరుపు విరిచి తొడిమను అటు, కాయను ఇటు పడేస్తారు. తొడిమ తీసిన కాయకు ధర వేరు. కళ్లకూ ముక్కుకూ ఘాటెక్కి తుమ్ముతూ, కిలోల లెక్కన వచ్చే కొద్దిపాటి కూలికి, పొద్దు వాలేదాకా చేసే పని అది; కాయ చిట్లదు, గింజ రాలదు. మా అమ్మ పండుమిరప పచ్చడి పట్టే రోజున కాయలను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక గానీ తొడిమ ముట్టుకోనిచ్చేది కాదు; ముందే తీస్తే లోపలికి నీరు చేరి పచ్చడి బూజు పడుతుందని. ఒక తొడిమకు కూడా ఎప్పుడు తీయాలో, ఎలా తీయాలో ఒక శాస్త్రం ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, తమరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

కాళ్లతో తొక్కినా పోయేది. ఈజిప్టులో నఖ్త్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద దాదాపు 3,400 ఏళ్ల నాటి బొమ్మ ఉంది. మనుషులు పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకొని ద్రాక్షను తొక్కుతుంటారు. పోర్చుగల్‌లో డౌరో లోయ వాళ్లు రాతి తొట్లలో ఇప్పటికీ కొంత పోర్ట్ వైన్ కోసం అలాగే తొక్కుతారు. మనిషి పాదానికి గింజను పగలగొట్టేంత గట్టిదనం లేదు, కాడను తురిమేంత దుర్బుద్ధి లేదు. పైగా దానికి అద్దె లేదు, డిపాజిట్టు అంతకన్నా లేదు.

ఇక్కడిదాకా తమరు తమరు అంటూ వ్రాశాను. ఇక నా వల్ల కాదు. ఒరే యంత్రమా, నీ పేరులో మొదటి మాటే తొడిమలు తీయడం కదరా! అది తప్ప నిన్ను లోకం మరో పని అడిగిందా? నీళ్లు తోడమన్నామా, బట్టలు ఉతకమన్నామా? తీయకపోతే తీయకపోయావు, గుత్తి గుత్తిగా వదిలేసి ఉంటే మా చేతులతో మేమే వలుచుకొనేవాళ్లం. తీయకుండా, ఉంచకుండా, ముక్కలు చేసి దాచిపెట్టడం ఏ జన్మ పగ? పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఒక గొర్రు, ఒక గానుగ, ఒక తిరగలి, మా ఇంట్లో ఏ పనిముట్టూ చేసిన పనికి రెట్టింపు పని పుట్టించలేదు. నువ్వు అరగంటలో ఆడావు, ఆ మాట నిజం. అరగంటలో ఆడి మాకు ఆరు గంటల పని పెట్టావు.

చివరి వంద పౌండ్లు నీ దాకా రాలేదు. మా మిత్రుడి భార్య పులిహోర గిన్నె తెచ్చి పెట్టి, మా నలుగురు మగవాళ్ల మొహాలూ చూసి, "అన్నయ్యా, ముందు ఆ మర ఆపండి" అన్నది. గ్యారేజీ మూలనున్న ఖాళీ పాల క్రేటును కడిగి, పీపా మీద బోర్లించి, దాని గళ్ల మీద గుత్తిని పెట్టి అరచేత్తో మెల్లగా రుద్దింది. పండ్లు టపటపా గళ్లలోంచి రాలాయి, కాడ ఆవిడ చేతిలో మిగిలింది, అంతే. చెక్కపట్టీల జల్లెడ మీద ఇలాగే రుద్ది తీయడం పాతకాలపు ఫ్రాన్సు పద్ధతి అని చెప్పబోయాను గానీ, ఆవిడ అప్పటికే రెండో గుత్తి అందుకొన్నది. గంటంపావులో నలుగురు ఆడవాళ్లు వంద పౌండ్లూ ముగించి చేతులు కడుక్కొన్నారు. పులిహోర మేము ఎనిమిదింటికి తిన్నాము, చల్లగా, ద్రాక్ష వాసన వేసే చేతులతో.

మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. దానికి కారణం ఉంది. ఈ మధ్యాహ్నం తమరిని అప్పగించే ముందు, డిపాజిట్టు పోకుండా, నీళ్ల పైపు పెట్టి కడిగాను. రోలర్ల పక్కన ఎండి గట్టిపడిన పాత గుజ్జు పొర ఒకటి ఊడి వచ్చింది. అది నిన్నటిది కాదు, మాకు ముందు అద్దెకు తీసుకొన్న పుణ్యాత్ముడిది. దాని కింద రెండు బోల్టులు, అవి అటూ ఇటూ జరగడానికి పొడవాటి గాడి. రోలర్లు ఒకదానికొకటి ఎంత దగ్గరకు రాగలవో అంత దగ్గరకు తెచ్చి బిగించి ఉన్నాయి. మధ్యలో నా డెబిట్ కార్డు పెట్టి చూశాను, దూరడానికి మొరాయించింది. ఆ సందులో జిన్‌ఫండెల్ గుత్తి ఏమవుతుందో ఇక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెంచి తెచ్చి బోల్టులు వదులు చేశాను. పిల్లలు తింటారని ఫ్రిజ్‌లో దాచిన ఒకే ఒక గుత్తి ఉంది. పిల్లలను అడగకుండానే తెచ్చి తొట్టిలో వేసి, స్విచ్చు నొక్కాను. తెడ్లు రెండు చుట్లు తిరిగాయి. పండ్లు కింద రాలిన చప్పుడు విన్నాను. డబ్బా కొసన కాడ ఒక్కటి, కొమ్మలన్నీ ఉన్నవి ఉన్నట్టే, తిని పక్కన పెట్టిన చేప ముల్లులా శుభ్రంగా బయటికి జారి నా చేతిలో పడింది. కింది పళ్లెంలో వెతికాను. ఒక్క తొడిమ లేదు.

ఇంత పని తెలిసి ఉండి, నిన్న ఆరు గంటల పాటు నోరు మెదపని తమరిని ఏమనాలో నాకు పాలుపోవడం లేదు. ఈ లేఖలో పైన వ్రాసిన తిట్లు వెనక్కు తీసుకోవడానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. ఆ ఐదు పీపాలూ ఇంకా గ్యారేజీలోనే ఉన్నాయి, నేను ఏరగా మిగిలిన ముక్కలతో సహా.

సాయంత్రం 5 గంటలకు తమరిని దుకాణంలో దించాలి. వచ్చే శనివారానికి మరెవరో బుక్ చేసుకొన్నారని అక్కడి పలక మీద వ్రాసి ఉంది. బోల్టులు ఇలా వదులుగానే ఉంచి పంపాలో, నాకు ఎలా దొరికాయో అలాగే బిగించి పంపాలో ఇంకా తేల్చుకోలేదు. రెంచి నా జేబులోనే ఉంది.

ఇట్లు,
తమ ఒకరోజు అద్దెదారు