గ్రీన్ కొలువులకు కావలసిన నైపుణ్యాలు: ఓరుగల్లు యువతకు సవినయ మనవి

రానున్న రోజులన్నీ పర్యావరణ రంగానివేనని ఎవరిని కదిపినా చెబుతున్నారు. సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందట, ఇక గ్రీన్ జాబ్స్‌దే రాజ్యమట. దేశంలో 2015 నుంచే స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ అని ఒక మండలి ఉంది. 2070 కల్లా నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలిన కర్బనమంతా తిరిగి తీసేసి లెక్క సున్నా చేస్తామని ప్రధాని 2021లో గ్లాస్గోలో మాట కూడా ఇచ్చి వచ్చారు కాబట్టి, మన హన్మకొండ, కాజీపేట పిల్లలకు ఇంకో నలభై ఏళ్ళు పనికి ఢోకా లేదు. ఆ పనికి ఏమేం నేర్చుకోవాలో మాత్రం ఎవరూ విప్పి చెప్పడం లేదు గనుక, బాధ్యత గల పౌరుడిగా నేనే పూనుకుంటున్నాను.

ముందుగా శిక్షణకు హాజరు కావడం నేర్చుకోవాలి. తేలిక అనుకోకండి. మొన్నామధ్య హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో ఇలాంటి వర్క్‌షాప్‌కు వెళ్ళాను. గేటు నుంచి స్టేజీ దాకా ఫ్లెక్సీలే, ప్లాస్టిక్ వాడొద్దన్న మాట కూడా ఫ్లెక్సీ మీదే ఉంది. ప్రతి కుర్చీలో ఒక ఫైలు, ఒక పెన్ను, ఒక చిన్న నీళ్ళ సీసా. టీ మాత్రం పేపర్ కప్పుల్లో పోశారు. వాటి లోపలి పూత ప్లాస్టిక్కే కదా అని నా పక్కనున్న కుర్రాడు నోరు జారితే, "ప్రశ్నలు చివర్లో తమ్ముడూ" అన్నారు. చివర్లో గ్రూప్ ఫొటో ఉంది గానీ ప్రశ్నలు లేవు. ఏసీ ఎంత పెట్టారంటే, భూతాపం మీద ఉపన్యాసం నడుస్తుండగా ముందు వరుసలోని పెద్దమనిషి సన్మానం శాలువా విప్పి నిండా కప్పుకున్నాడు.

ఇక నివేదిక రాయడం. డబ్బున్నది ఇక్కడే. షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ వాళ్ళు 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి సుస్థిరత నివేదిక తప్పనిసరి చేశారు, అంటే ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. ఇందులో పొగ లెక్క రాయడానికి స్కోప్‌లని మూడు ఉంటాయి. భూపాలపల్లిలో తవ్విన బొగ్గు పవర్ ప్లాంటులో కాలిందనుకోండి, ఆ పొగ ప్లాంటు లెక్కలో స్కోప్ వన్. ఆ కరెంటుతో ఏసీ వేసుకున్న ఆఫీసు లెక్కలో స్కోప్ టూ. బొగ్గు అమ్మిన గని లెక్కలో స్కోప్ త్రీ. పొగ ఒక్కటే, ఖాతాలు మూడు, రాసేవాళ్ళు ముగ్గురు. ఉపాధి అంటే ఇదీ. భాష రాదని భయపడకండి, కాపీ చేయడం వస్తే చాలు. మహారాష్ట్రలోని రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గనికి రాసిన పర్యావరణ ప్రభావ నివేదికలో రష్యా గని నివేదిక పేరాలు దొరికాయి. కొంకణ తీరంలో మంచు దేశపు స్ప్రూస్ చెట్లు, వాటి మీద పక్షులు! ఆ లెక్కన ఏటూరునాగారం అడవిలో ధ్రువపు ఎలుగుబంటి ఉందని రాసినా, సంతకాలు పెట్టేవాళ్ళు ఆ పేజీ దాకా వస్తారని నేననుకోను.

జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు చేసే విద్య, నేర్చుకుంటే ఇంకా మంచిది. ఉపగ్రహ చిత్రాలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, ఏ కాలనీ కింద ఏ చెరువుందో చూడొచ్చు. కాకతీయులు గొలుసుకట్టున చెరువులు తవ్వించారు కదా, పైచెరువు మత్తడి, అంటే అలుగు, దుంకితే ఆ నీళ్ళు కిందిచెరువుకు పోవాలి. ఇప్పుడు మధ్యలో వెంచర్ వచ్చింది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు. ఆ రాయి ఎక్కడుందో మన ఆఫీసులకు గుర్తుండదు, 2020 ఆగస్టులో నీళ్ళకు మాత్రం బాగానే గుర్తుంది, కాలనీల్లో పడవలేసుకుని తిరిగాం. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా కురిసింది, మోరంచపల్లి జనం ఇళ్ళ పైకప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అది నవ్వే సంగతి కాదు, కాబట్టి ముందుకు పోదాం.

మొక్కలు నాటడం గురించి ఎక్కువ చెప్పను. డివైడర్లన్నిటా కోనోకార్పస్ నాటడానికి ఒక బ్యాచ్, అవి మంచివి కావని తేలాక పీకడానికి ఇంకో బ్యాచ్. ఒకే గుంతకు రెండుసార్లు ఉపాధి.

చెత్త దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఈ విద్యలో మన ఊరు ఒకప్పుడు గురువు. 2012లో వరంగల్‌లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పెట్టి, వేరే ఊళ్ళ మున్సిపల్ సిబ్బందిని రప్పించి, వీధి వీధి తిప్పి తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఎలా తీసుకోవాలో నేర్పారు. ఇప్పుడు మా వీధిలో ఆడవాళ్ళు రెండు డబ్బాలు వేర్వేరుగా పట్టుకొచ్చి ఇస్తే, రెండూ ఒకే ఆటోలో ఒకే కుప్ప మీద పడుతున్నాయి. ఆ ఆటో వెనకాల వేలాడే గోనెసంచి చూశారా? అక్కడుంది అసలు శాస్త్రం. దాని పక్కన నిలబడ్డ మనిషి కవరును చేత్తో ఒక్కసారి నలుపుతాడు. గలగలమంటే కుప్పలోకి, మెత్తగా నలిగితే సంచిలోకి. గలగలమనేది చిప్స్ ప్యాకెట్, పొరలు పొరలుగా అతికించి ఉంటుంది, పాతసామాన్ల షాపులో ఎవడూ కొనడు. మెత్తనిది పాల ప్యాకెట్, దానికి ధర పలుకుతుంది. చెవితో ప్లాస్టిక్ రకం చెప్పే ఈ మనిషి మన కాగితాల్లో అన్‌స్కిల్డ్. ఇదే సంగతిని స్లైడ్ల మీద చూపించే ఆయన ఎక్స్‌పర్ట్. నేర్చుకోవలసిన నైపుణ్యం ఏదో మీకే తెలుస్తోంది: నలపడం కాదు, స్లైడ్లు చేయడం.

నాకు తెలిసిన ఒక పెద్దాయన పాకాల వైపు పల్లెలో నీరటి పని చేసేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, చివరి మడి దాకా నీళ్ళు ఎట్లా పారాలి అన్నీ ఆయన చేతిలో ఉండేవి, కూలి పంటకింత అని వడ్లే. ముసురు పట్టిన రాత్రి కట్ట మీద నడుస్తూ, ఎండ్రికాయల బొక్కలు వెతికి, బుంగ పడకముందే గడ్డీ మట్టీ కుక్కేవాడు. మొన్న ఆ ఊరికి హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుడు వచ్చి, "తాతా, మీరు వాటర్ బడ్జెటింగ్ ఎలా చేసేవారు?" అని అడిగాడు. "మత్తడి దుంకితె రెండు పంటలు బిడ్డా, దుంకకపోతె ఒక్కటే, అదిగూడ వంతులేసుకోని" అన్నాడు తాత. శిక్షకుడు ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాడు. మర్నాడు అదే మాట నాలుగు రంగుల గ్రాఫుగా తెర మీద కనిపించింది, తాత కూడా ముందు వరుసలో కూర్చుని శ్రద్ధగా విని చప్పట్లు కొట్టాడు.

ఈమధ్య ఆ పక్కనే ఏదో ప్రాజెక్టులో చెరువుల నిర్వహణకు కోఆర్డినేటర్ కావాలని ప్రకటన పడితే, తాత మనవడు ఫోన్ చేసి, తాత అనుభవం లెక్కలోకి వస్తుందా అని అడిగాడు. డిగ్రీ ఉండాలన్నారు, తాతది నాలుగో తరగతి. పోనీ డిగ్రీ ఉన్న మనవడు పెట్టుకోవచ్చా అంటే, చెరువు పనిలో మూడేళ్ళ అనుభవం అడిగారు. దానికీ దారి చూపించారులెండి, ఆన్‌లైన్‌లో బ్రిడ్జి కోర్సు ఉందట, ఫీజు ముందే కట్టాలట, ఫీల్డ్ విజిట్ కింద ఒకరోజు చెరువుకు కూడా తీసుకుపోతారట. చెరువు చూపించడానికి ఊళ్ళో ఎవరైనా తెలిసిన మనిషి ఉన్నారా అని అడిగితే, మనవడు తాత నంబరే ఇచ్చాడు.