వెడల్పు వేళ్ల వాళ్లకి బజారులో చోటేదీ?

ఇంగ్లీషులో 'స్క్వేర్-టోడ్' అని ఓ విశేషణం ఉంది. బూటు ముందు భాగం మొనదేలకుండా వెడల్పుగా, చదరంగా ఉంటే అలా అంటారు. అక్కడితో ఆగినా బాగుండేది. నిఘంటువులో రెండో అర్థం చూడండి: పాతకాలపు మనిషి, చాదస్తుడు! వేళ్లు వెడల్పైతే బుర్ర ఇరుకని ఎవరు తేల్చారండీ?

నిజానికి 16వ శతాబ్దం మొదట్లో, ఎనిమిదో హెన్రీ కొలువులో, వెడల్పు మూతి బూటే అసలు సిసలు ఫ్యాషన్, మొనదేలిన బూటు వేసుకున్నవాడే పాత చింతకాయ పచ్చడి. తర్వాత అది పోయింది, 17వ శతాబ్దంలో చదరపు మూతి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈసారి మాత్రం కొందరు పెద్దమనుషులు, శుభ్రంగా ఉన్న బూట్లు ఎందుకు పారెయ్యాలని (మా పర్లాకిమిడి తాతయ్యల లెక్కే), వాటితోనే తిరిగారు. ఇంకేం, 'ఓల్డ్ స్క్వేర్-టోస్' అని వెక్కిరింపు పుట్టింది. బూటు మీది మాట మనిషి నెత్తికెక్కింది.

మనవాళ్లూ తక్కువేం తినలేదు. శూర్పం అంటే చేట, చేటల్లాంటి గోళ్లు కలది శూర్పణఖ, బహువ్రీహి సమాసం. లక్ష్మణుడు ముక్కు కొయ్యకముందే పేరు పెట్టినవాళ్లు గోళ్ల పని పట్టేశారు. మా బరంపురంలో ఇంకో సౌకర్యం ఉంది, చేటని ఒడియాలో కులా అంటారు కాబట్టి నా పాదాన్ని రెండు భాషల్లో తిట్టొచ్చు.

పెళ్లిళ్ల సీజన్‌లో చెప్పుల షాపుకెళ్తే కుర్రాడు నా కాలిని జాలిగా చూసి "వాడగా వాడగా సాగుతుంది, ఆగ్యా" అంటాడు. సాగేది తోలా, నా వేలా? లేదంటే పై సైజు తీసుకుని ముందు దూది కుక్కుకోమంటాడు.

ఇంతలో చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతా లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచి, మనవి యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేల్చింది. మనకోసం 'భ' అని కొత్త సైజుల పద్ధతీ ప్రతిపాదించారు. అంటే పాతకాలపుది నా కాలు కాదు, షాపులో ఇంకా ఏలుతున్న యూకే సైజు!

కాబట్టి బంధుమిత్రులకి మనవి. 'భ' బూట్లు బరంపురం బజారుకి దిగేదాకా ఏ ముహూర్తానికైనా హవాయి చెప్పులతోనే వస్తాను, ఫోటోగ్రాఫర్‌కి నన్ను నడుం దాకానే తియ్యమని చెప్పుకోండి.