బుడమేరు మీద గొడవ, కృష్ణా మీద జవాబు

2024 సెప్టెంబర్ మొదటి వారంలో విజయవాడలో ఒకవైపు వరద నీళ్లలో పడవలు తిరుగుతుంటే, ఇంకోవైపు ఫోన్లలో యుద్ధం నడిచింది. సింగ్‌నగర్ ఎందుకు మునిగింది? ఒకరు ప్రకాశం బ్యారేజీ ఫొటో పెట్టి, 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారని అడిగేవారు. ఇంకొకరు, మీ వాళ్లు ఐదేళ్లు ఏం చేశారని ఎదురు ప్రశ్న వేసేవారు. మూడో మనిషి కృష్ణలంక రిటైనింగ్ వాల్ ఎవరి హయాంలో కట్టారో ఎత్తుకునేవారు. ఇక ఆ గొడవ తెల్లవార్లూ నడిచేది.

సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. ఆ నీళ్లు ఊరి మీదికి రాకుండా వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి డైవర్షన్ కాలువలోకి మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణాలో కలుపుతారు. ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు, వాగు తన పాత దారి పట్టింది. కృష్ణా వరదకూ దీనికీ సంబంధం లేకపోలేదు. నది నిండుగా పారుతుంటే కాలువ నీళ్లు అందులోకి సరిగా దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఈ ముక్క ఎవరైనా నాలుగు వాక్యాల్లో చెప్పి ఉంటే సగం గొడవ అక్కడే ఆగేది. కానీ ఒకరు వాగు గురించి అడిగితే ఇంకొకరు నది గురించి చెప్పారు. జవాబు దొరకలేదని ఇద్దరికీ మండింది.

ఆన్‌లైన్లో మనవాళ్ల వాదనలు కోపం వల్లే చెడిపోతాయని చాలామంది అంటారు. నా లెక్కలో కోపం రెండో మెట్టు. మొదటి మెట్టులోనే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నల మీద ఉంటారు. ఆ వరద గొడవలోనే కనీసం మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. నీళ్లు ఎందుకొచ్చాయి? వస్తాయని జనానికి ముందే ఎందుకు తెలియలేదు? మళ్లీ రాకుండా ఏం చేయాలి? మొదటిదానికి ఇంజనీర్ల రికార్డులు కావాలి. రెండోదానికి ఎవరికి ఏ టైముకి సమాచారం అందిందో కావాలి. మూడోది డబ్బుతో, కాలువ వెడల్పుతో, వాగు దారిలో వెలిసిన కట్టడాలతో ముడిపడింది. రెండో ప్రశ్న అడిగినవాళ్లకు మొదటి ప్రశ్న జవాబు ఇస్తే, అది ఎంత నిజమైనా తప్పించుకున్నట్టే కనిపిస్తుంది.

గుంటూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ట్యాంకర్ బిల్లు మీద పడే తగాదాలదీ ఇదే తంతు. బిల్లు సరిగ్గా ఉందా అని ఒకరు అడుగుతారు. నేను దొంగనా అని సెక్రటరీ గారు జవాబిస్తారు.

దీనికి మందు మన పాత శాస్త్రాల్లోనే ఉంది. ఏ శాస్త్రకారుడైనా ముందు పూర్వపక్షం రాస్తాడు, అంటే ఎదుటివాడి వాదాన్ని వాడు ఒప్పుకునేంత బలంగా చెబుతాడు. ఆ తర్వాతే తన సిద్ధాంతం. దీన్ని ఫోన్లో రాస్తే ఇలా ఉంటుంది: "మీరు చెప్పేది నాకు అర్థమైనంత వరకు, గేట్లు ఎత్తకపోతే కట్టకే ప్రమాదం, అందుకే ఎత్తారు. ఎత్తడం తప్పని నేను అనట్లేదు సార్. ఎత్తే ముందు సింగ్‌నగర్ వాళ్లకు ఎన్ని గంటల ముందు చెప్పారు? నేను అడుగుతున్నది అదొక్కటే."

ఈ మెసేజ్ రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. కానీ ఇది చదివాక ఎదుటి మనిషి కృష్ణా వరద లెక్కలు తెచ్చి పెట్టలేడు, ఎందుకంటే గేట్లు ఎత్తక తప్పలేదన్న వాదం ముందే ఒప్పుకున్నట్టే ఉంది. మిగిలింది గంటల ప్రశ్న ఒక్కటే. అంతకంటే ముఖ్యం, గ్రూపులో రాసేది పదిమందే అయినా వందల మంది చదువుతుంటారు. వాళ్లలో చాలామందికి ఇంకా ఏ అభిప్రాయమూ గట్టిపడి ఉండదు. ఎదుటివాడు చచ్చినా మారకపోవచ్చు గానీ ఆ చదివేవాళ్లకు అసలు ప్రశ్న ఏదో తెలుస్తుంది. నేనైతే వాళ్ల కోసమే రాయాలంటాను.

దారి మళ్లించేవాళ్లు ఎలాగూ ఉంటారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది. ఆ పృచ్ఛకుడి, అంటే ప్రశ్నలు వేసేవాడి, పనే అవధాని ధ్యాస చెడగొట్టడం. అవధాని అతని మీద అరవడు, అలాగని వినిపించనట్టూ ఊరుకోడు. ఒక్క చమత్కారంతో జవాబిచ్చి, ఆపిన పద్యపాదం దగ్గరికే తిరిగొస్తాడు. "మరి అప్పుడు మీరెందుకు అడగలేదు" అనే మెసేజ్‌కి అదే పద్ధతి సరిపోతుంది. "అప్పుడు అడగాల్సింది, నిజమే. ఇప్పుడు అడుగుతున్నా: ఎన్ని గంటల ముందు?"

ఇక మర్యాద సంగతి. తెలుగులో కోపం తిట్టు దాకా వెళ్లకముందే పిలుపులో, క్రియాపదంలో బయటపడుతుంది. "మీరన్నారు" అన్న మనిషి మూడో మెసేజ్‌కి "నువ్వన్నావ్" అంటాడు, ఐదోదానికి "ఏరా" వస్తుంది. బీసెంట్ రోడ్డులో ఎదురుపడితే "ఏంటయ్యా నువ్వు" అని నవ్వుతూ అన్నా చెల్లుతుంది. స్క్రీన్ మీద ఆ నవ్వు ఉండదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు, వారి సహచరులు 2005లో ఇదే చూపించారు. ఈమెయిల్లో వెటకారంగా రాస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుందని రాసినవాళ్లు అనుకున్నంతగా చదివినవాళ్లకు తెలియలేదు. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతుంది, అవతలివాళ్లకు అక్షరాలే చేరతాయి. వెటకారం లేకుండా మన దగ్గర నాలుగు మాటలు నడవవని నాకూ తెలుసు. అది ఎదురుగా కూర్చున్నప్పుడు బాగుంటుంది. తెలియని మనిషితో రాతలో మాట్లాడుతున్నప్పుడు చివరి మెసేజ్ దాకా "మీరు" దిగకుండా ఉండటం వాదనకే బలం.

ఆధారమంటే మనకు మరీ అలుసు. ఫార్వర్డ్ వచ్చిందంటే సాక్ష్యం దొరికినట్టే అనుకుంటాం. పుకార్లు ప్రాణాల మీదికి తెచ్చాక 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. అయినా ఎక్కడిదో పాత వరద వీడియో ఇవాళ్టిదిగా తిరుగుతూనే ఉంటుంది. ఎప్పటిదో, ఎక్కడిదో చెప్పలేని వీడియోని వాదనలో పెట్టకూడదు. అది మన పక్షానికి పనికొచ్చినా సరే, ముఖ్యంగా పనికొచ్చినప్పుడే.

ఎక్కడ ఆపాలన్నది కూడా తెలియాలి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో, అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధమని చెప్పుకున్నవాళ్లతోనే జరిగిన ఆన్‌లైన్ వాదనలు వేల సంఖ్యలో పరిశీలించారు. మాటకు మాట ఐదు విడతలు దాటాక అవతలి మనిషి మనసు మారే అవకాశం దాదాపు లేదని తేలింది. మారతామన్నవాళ్ల సంగతే అది. పార్టీ జెండా ప్రొఫైల్‌లో పెట్టుకున్నవాళ్ల గురించి చెప్పేదేముంది? కాబట్టి నాలుగోసారి రాసేటప్పుడే ముగింపు రాయాలి: మీ మాట ఇది, నా మాట ఇది, ఈ సంగతి తేలాలంటే ఫలానా కాగితం కావాలి.

ఆ కాగితం తెప్పించుకునే దారి మనకుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖకు అర్జీ పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో కూడా "సింగ్‌నగర్‌ని ఎందుకు ముంచారు" అని రాస్తే ఏమీ రాదు, ఎందుకంటే ఆ చట్టం ఆఫీసులో ఉన్న రికార్డునే ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు. వెలగలేరు గేట్లు ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్ని ఎత్తారు, ఎవరి ఆదేశంతో ఎత్తారు, కింది కాలనీలకు సమాచారం ఏ టైముకి ఎవరి ద్వారా పంపారు అని అడగాలి.