సంఘం పనిలో పడి ప్రార్థనకి టైమ్ లేదు: ఒక వాదోపవాదం

డిసెంబర్ వచ్చిందంటే విశాఖలో మాలాంటి క్రైస్తవ కుటుంబాల్లో ఏదో ఒక రూపంలో ఈ గొడవ నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ దాన్ని ఇద్దరి నోట పెట్టాను. బాబాయి స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. గాజువాక వైపు ఒక చర్చి సంఘానికి సెక్రటరీ. అమ్మాయి ఆయన అన్న కూతురు, ఆరిలోవ వైపు ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. నేను అమ్మాయి పక్షం, ఆ సంగతి దాచడం లేదు. బాబాయి మాటకి ఆమె దగ్గర జవాబు లేని చోట మాత్రం నేను కల్పించి అందించలేదు.

బాబాయి: ఆదివారం మళ్ళీ రాలేదు. డ్యూటీ అనకు. మీ అమ్మనడిగాను, ఆఫ్ అని చెప్పింది.

అమ్మాయి: ఆఫే బాబాయ్. పొద్దున్నే హార్బర్ దగ్గరి రాస్ హిల్ కొండ ఎక్కాను. గంటసేపు కూర్చుని దిగాను.

బాబాయి: కొండగుడికా! మన ఆరాధన మానేసి ఆర్‌సీఎం వాళ్ళ గుడికి, క్యాథలిక్కుల దగ్గరికి వెళ్ళావా?

అమ్మాయి: దానికి తర్వాత తిడుదురుగాని. ముందు మీరు గ్రూప్‌లో పెట్టిన ఈ నెల ప్రోగ్రామ్ లిస్ట్ తీయండి. సోమవారం క్యారల్స్ ప్రాక్టీసు. మంగళవారం గృహకూడిక. బుధవారం స్త్రీల సమాజం. గురువారం కమిటీ. శుక్రవారం ఉపవాస ప్రార్థన. శనివారం రాత్రి పదకొండు దాకా క్యారల్ రౌండ్స్. ఆదివారం ఆరాధన, ఆ సాయంత్రమే సెమీ క్రిస్మస్. ఇందులో మనిషి దేవుడి ముందు నోరు మూసుకుని కూర్చునే టైమ్ ఎక్కడుందో చూపించండి.

బాబాయి: శుక్రవారం ఉంది కదా. మూడు గంటలు పెట్టాం.

అమ్మాయి: గంటన్నర పాటలు, గంట ప్రసంగం. మిగిలిన అరగంటలో ప్రకటనలు, కానుకలు. కీబోర్డు ఆగితే మైకు, మైకు ఆగితే కీబోర్డు.

బాబాయి: నేను నిన్ను సినిమాకి పిలవలేదమ్మా. ఇదంతా దేవుడి పనే. కుర్రకారు టైమంతా ఫోన్ తినేస్తోందని పాస్టర్ గారు మొత్తుకుంటుంటే, నువ్వేమిటి, తిరిగి సంఘాన్నే తప్పు పడతావు?

అమ్మాయి: ఫోన్‌లో మాత్రం ఎవరున్నారు బాబాయ్? పొద్దున అయిదింటికి గ్రూప్‌లో మీ వాగ్దాన వాక్యం వస్తుంది. కింద వరసగా నలభై ఆమెన్‌లు, దండం పెట్టే బొమ్మలు. వాక్యం చూద్దామని తెరిచినవాడు అక్కణ్ణుంచి స్టేటస్‌లోకి, స్టేటస్ నుంచి రీల్స్‌లోకి పోతాడు. వాడి పొద్దుట మొదటి పావుగంట అలా పోయింది. తెరిపించింది మీరే.

ఐసీయూలో పని ఎలా ఉంటుందో చెప్తాను వినండి. మంచానికో మానిటర్. ఆక్సిజన్ తగ్గితే కూత, సెలైన్ అయిపోతే కూత, వేలికి పెట్టిన క్లిప్ జారినా కూతే. చాలావాటికి పేషెంట్‌కి ఏమీ అయి ఉండదు. కొత్తలో ప్రతి కూతకీ పరిగెడతాం. కొన్నాళ్ళకి చెవి మొద్దుబారిపోతుంది. అది కూస్తూనే ఉంటుంది, మనకి వినబడదు. మాకు ట్రైనింగ్‌లో ప్రత్యేకంగా చెప్పే ప్రమాదం ఇది. అసలు ప్రాణం మీదికి వచ్చిన కూత కూడా అందులో కలిసిపోతుంది. అందుకని ఏ మంచానికి ఏ లిమిట్ పెట్టాలో చూసి, అక్కర్లేని కూతల్ని తగ్గించడం కూడా మా డ్యూటీలో భాగమే. మన సంఘంలో ఆ డ్యూటీ ఎవరిదీ కాదు. ప్రతి కమిటీ ఒక ప్రోగ్రామ్ చేరుస్తుంది. తీసేసినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. తీసేస్తే భక్తి తగ్గిందంటారని భయం. నేను రెండు ఆదివారాలు కనబడకపోతే మీరు డ్యూటీ చార్ట్ అడిగారు గాని, ప్రార్థన చేసుకుంటున్నావా అని అడగలేదు.

బాబాయి: నేను స్టీల్ ప్లాంట్‌లో ఎ, బి, సి మూడు షిఫ్టులూ తిరిగినవాణ్ణి. వీక్లీ ఆఫ్ ఆదివారం పడడమే గొప్ప. సి షిఫ్ట్ దిగి, తిన్నగా గుడికొచ్చి, నిద్ర కళ్ళతో బెంచీలు వేసిన రోజులున్నాయి. నాకు మౌనం కావాలని కొండెక్కలేదు. ఇంకో మాట. ఆ గ్రూప్‌ని అంత తేలిగ్గా తీసేస్తున్నావే, మీ నాన్న ఆపరేషన్‌కి రక్తం కావాలంటే మెసేజ్ పెట్టింది ఆ గ్రూప్‌లోనే. గంట తిరక్కుండా ఆరుగురు వచ్చారు. ఇద్దరు క్యారల్స్ మధ్యలోంచి వచ్చారు. రాత్రంతా వరండాలో కూర్చుంది ఈ కమిటీ వాళ్ళే. కొండ మీద ఒంటరిగా కూర్చునేవాళ్ళతోనే సంఘం నిండితే, ఆ రాత్రి మీ అమ్మ ఎవరికి ఫోన్ చేసేది?

అమ్మాయి: ఆ రాత్రి నేను మర్చిపోలేదు బాబాయ్.

బాబాయి: మర్చిపోయావని కాదు. ఆ మనుషులు ఒక్క రాత్రిలో తయారు కారంటున్నాను. కలిసి బెంచీలు మోసినవాళ్ళే కలిసి రక్తమిస్తారు.

(దీనికి అమ్మాయి జవాబు చెప్పలేదు. నిజానికి జవాబు లేదు కూడా. ఆమె మార్కు సువార్తకి వెళ్ళింది.)

అమ్మాయి: మార్కు ఆరో అధ్యాయం చూడండి. పన్నెండుమంది శిష్యులూ పని మీద తిరిగొచ్చారు. వచ్చేపోయే జనంతో అన్నం తినడానికి కూడా తీరిక లేదు. అప్పుడు ప్రభువు వాళ్ళకి ఇంకో ప్రోగ్రామ్ ఇవ్వలేదు. ఏకాంతంగా రండి, కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు.

బాబాయి: అక్కడే ఆపెయ్యకు. ముందుకి చదువు. దోనె ఎక్కి వెళ్తే జనం కాలినడకన పరిగెత్తి వాళ్ళకంటే ముందే అక్కడికి చేరారు. అప్పుడేం చేశాడు? ఇవాళ మాకు ఆఫ్ అన్నాడా? కాపరిలేని గొర్రెల్లా ఉన్నారని కనికరపడ్డాడు, బోధించాడు, అయిదు వేలమందికి భోజనం పెట్టాడు. విశ్రాంతికని బయల్దేరిన రోజే అంత పని జరిగింది. నువ్వు నమ్ముకున్న అధ్యాయం నా పక్షానే ఉంది.

అమ్మాయి: మీరూ అక్కడ ఆపెయ్యకండి. భోజనాలయ్యాక ఏం జరిగింది? శిష్యుల్ని బలవంతంగా దోనె ఎక్కించి పంపేశాడు. జనాన్ని తనే సాగనంపాడు. ఆ సాయంత్రమే ప్రార్థనకి కొండెక్కాడు. పొద్దున దొరకని ఏకాంతాన్ని రాత్రికి తీసుకున్నాడు, వదులుకోలేదు. జనాన్ని చూసి కనికరపడ్డ ఆయనే వాళ్ళని ఇళ్ళకి పంపించాడు. మనం పిలవడం నేర్చుకున్నాం, పంపించడం నేర్చుకోలేదు. ఆరాధన రెండు గంటలు దాటితే పసిపిల్లల తల్లులు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. అప్పుడు మీరు మైకులో "మరొక ముఖ్యమైన ప్రకటన" అంటారు.

బాబాయి: కొండ అంటే రాస్ హిల్లేనా? మన గుడిలో మోకరిస్తే వినడా?

అమ్మాయి: ప్రోగ్రామ్ లేనప్పుడు మన గుడికి తాళం. కొండగుడి పొద్దున తెరిచి ఉంటుంది.

బాబాయి: మేరీమాత విగ్రహం ముందు కూర్చుని...

అమ్మాయి: విగ్రహం కోసం వెళ్ళలేదు. బయట గోడ పక్కన, హార్బర్ వైపు తిరిగి కూర్చున్నాను. డిసెంబర్ 8 పండక్కి ఆ కొండకి హిందువులు, ముస్లింలు కూడా వస్తారు. పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అసలది 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లు, తర్వాత ప్రార్థనాలయం అయింది.

బాబాయి: చరిత్ర నాకు చెప్పకు. ఈ ఊళ్ళో లండన్ మిషన్ వాళ్ళు, క్రాన్, డెస్ గ్రాంజెస్, 1805లో దిగారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. ఆ నాలుగైదేళ్ళలోనే భాష నేర్చుకుని సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. కొండెక్కి గాలి పీల్చుకుంటూ కూర్చుంటే నీ చేతిలోకి తెలుగు బైబిల్ వచ్చేదా?

అమ్మాయి: వాళ్ళు చేసిన పనేమిటో మీరే చెప్పండి. అనువాదంలో సాయపడ్డ ఆనందరాయర్‌ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఇద్దరూ బతికి లేరు. నెల తిరిగేసరికి రిపోర్ట్ రాసుకునే పని కాదది. మన లిస్ట్‌లో ఒక్క వాక్యం దగ్గర అరగంట ఆగే కూడిక ఒకటి చూపించండి, ఆదివారం అందరికంటే ముందొస్తాను.

బాబాయి: మాటకి మాట బాగానే అంటావు. నాకు మాత్రం ఏకాంతం లేదనుకున్నావా? రోజూ అయిదింటికి లేస్తాను. గది తలుపు వేసుకుని గంటసేపు ప్రార్థన. ఇన్నేళ్ళలో తప్పలేదు.

అమ్మాయి: ఆ గంటలో పిన్ని ఏం చేస్తుంది?

బాబాయి: ఏం చేస్తుంది... కాఫీ, టిఫిన్, మనవరాలి క్యారేజీ.

అమ్మాయి: నిర్గమకాండం ఇరవైలో విశ్రాంతిదినం ఆజ్ఞ మీకు కంఠతా వచ్చు. అందులో ఇంటి యజమాని ఒక్కడే లేడు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, చివరికి పశువు కూడా ఉంది. ఒకడి విశ్రాంతి ఇంకొకరి వీపు మీద పడకూడదనే కదా అంత పొడుగు లిస్ట్. పిన్ని తలుపు వేసుకునే గంట ఏది?

బాబాయి: అది పొయ్యి దగ్గరే పాటలు పాడుకుంటుంది. దాని భక్తి నా భక్తికంటే గట్టిది.

అమ్మాయి: గట్టిదే, నేనూ ఒప్పుకుంటాను. గంట కావాలా అని ఎప్పుడైనా అడిగారా?

బాబాయి: ...అడగలేదు. నీకు మాత్రం టైమ్ లేదంటావు గాని, మొన్న రాత్రి రెండున్నరకి నీ స్టేటస్ చూశాను.

అమ్మాయి: చూసే ఉంటారు. బ్రేక్‌లో ఇరవై నిమిషాలు దొరికితే రీల్స్‌లో పోయాయి. వీలు దొరికినప్పుడు చేద్దాం అనుకుంటే నా చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. అందుకే ఒక గంట, ఒక చోటు అంటున్నాను. షిఫ్ట్ మారినప్పుడు గంటా మారుతుంది, అది మాత్రం తప్పదు.

బాబాయి: ఇంతకీ నన్నేం చెయ్యమంటావు? సెమీ క్రిస్మస్ ఆపమంటావా? షామియానాకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం.

అమ్మాయి: సెమీ క్రిస్మస్ ఉండనివ్వండి. మంగళవారం గృహకూడిక ఈ నెలకి తీసేయండి. ఆ రోజు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా గుడి తలుపు తీసి ఉంచండి. మైకు వద్దు, కీబోర్డు వద్దు. ఎవరికి వీలైతే వాళ్ళు వచ్చి కూర్చుంటారు. నైట్ డ్యూటీ దిగి నేను చివరి పావుగంటకైనా అందుకుంటాను. ఆ రోజు పిన్ని రావాలి. క్యారేజీ మీరు కట్టాలి.

బాబాయి: తలుపు తీసి వదిలేస్తే సౌండ్ సిస్టమ్ ఎవడైనా పట్టుకుపోతే? కమిటీలో పెట్టాలి ఇది.

అమ్మాయి: కమిటీ గురువారం కదా?

బాబాయి: ఈ గురువారం అజెండా నిండిపోయింది. వచ్చే గురువారం చూద్దాం. గుడి తాళంచెవి మాత్రం పిన్ని దగ్గర ఉంచుతానులే.