స్టాంపుల ట్రంకు పెట్టె దొరికిందా? ముందు దేన్నీ ముట్టుకోకండి బాబూ

తాతయ్య పోయిన ఏడాదికి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీంచి ఓ ట్రంకు పెట్టె దిగింది. మూడు ఆల్బమ్‌లు, బిస్కెట్ డబ్బా నిండా విడి స్టాంపులు, ఓ అట్టపెట్టెలో పాత ఉత్తరాలు, మధ్యలో కరిగి చింతపిక్కలంత అయిపోయిన కలరా ఉండలు. మూత పూర్తిగా తియ్యకముందే మా బాబాయ్ అడిగిన మొదటి మాట, "ఎంతొస్తుందిరా?"

ఈ ప్రశ్నంటే నాకు ఒళ్ళు మంట. వాట్సాప్‌లో ఎవడో గాంధీ స్టాంపు కోట్లు పలికిందని పంపుతాడు, అంతే ప్రతి ఇంట్లో అటకలు దులుపుతారు. ఆ స్టాంపు కథ నిజమే, 1948 ఆగస్టు 15న స్విట్జర్లాండ్‌లో అచ్చువేయించిన గాంధీ స్టాంపులు వచ్చాయి, వాటిలో 100 సెట్ల మీద సర్వీస్ అని కొట్టి గవర్నర్ జనరల్ వాడకానికి ఇచ్చారు, అరుదైనవి అవి. బాబాయ్, మన పెట్టెలోవి గవర్నర్ జనరల్ బంగళా నుంచి రాలేదు, కాకినాడ పోస్టాఫీసు నుంచి వచ్చాయి. సర్వీస్ అని ఉన్నవల్లా అవే అనుకోకండి, గవర్నమెంటు ఆఫీసుల కవర్లకి అంటించే మామూలు సర్వీస్ స్టాంపులు కుప్పలు కుప్పలు. ఇక ఆ హంగరీ, పోలండ్, మంగోలియా రంగురంగుల బొమ్మలు చాలావరకు ఉత్తరం మొహం చూసినవి కాదు, ముద్ర కొట్టేసి ప్యాకెట్లలో అమ్మినవి. వెనక్కి తిప్పితే గమ్ అలాగే ఉంటుంది.

సలహాలైతే చెప్పక్కర్లేదు. ఒకాయన ల్యామినేషన్ చేయించెయ్ అన్నాడు. స్టాంపుకి ల్యామినేషనా! ఊడినవాటికి సెల్లో టేప్ వెయ్యమన్నావిడ ఇంకొకరు, కొన్నేళ్ళకి ఆ జిగురు పచ్చగా దిగి కాగితాన్ని తినేస్తుంది. అన్నీ నీళ్ళలో నానబెట్టమన్నవాళ్ళూ ఉన్నారు. కవరు ముక్కకి అంటుకున్న వాడిన స్టాంపుల్ని మామూలు నీళ్ళలో ఓ పావుగంట వేస్తే వాటంతటవే వదుల్తాయి, నిజమే, కానీ వాడని స్టాంపు తడిపితే గమ్ పోతుంది, ఊదా రంగువి కొన్నిటికి రంగు నీళ్ళలోనే కరిగిపోతుంది. పూర్తి కవరు ఉంటే కత్తెర అసలు పట్టుకోవద్దు, ముద్ర మీద ఊరూ తేదీ ఉంటాయి. మా అట్టపెట్టెలో 1971 చివర్లో వచ్చిన కవరొకటి ఉంది, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం అదనంగా 5 పైసల స్టాంపు అంటించాల్సొచ్చిన రోజులవి, కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే రెఫ్యూజీ రిలీఫ్ అని కొట్టేసి ఉంది. కత్తిరించి ఉంటే అదీ ఓ 5 పైసల ముక్క, అంతే.

ఇన్ని చెప్తున్నానా, అందరికంటే పెద్ద తప్పు చేసింది నేనే. ఉత్సాహంకొద్దీ దేశాలవారీగా సర్దుదామని కూర్చున్నా. రెండో ఆల్బమ్‌లో ఒక పేజీ నిండా మన ఐదో జార్జి స్టాంపులే, వాటి మీద అడ్డంగా బర్మా అని అచ్చు. డూప్లికేట్లు అనుకుని పీకేసి ఇండియా పేజీలో పెట్టేశా. కింద సగం పేజీ ఖాళీగా ఉంటే వేస్ట్ ఎందుకని భూటాన్ త్రీడీ స్టాంపులు నింపేశా. తర్వాత తెలిసింది, 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీసినప్పుడు మన స్టాంపుల మీదే అలా కొట్టి వాడారట. చిన్న నానమ్మకి ఫోన్ చేస్తే చెప్పింది, తాతయ్య వాళ్ళ పెదనాన్న రంగూన్‌లో పని చేసేవాడు, ఆ స్టాంపులన్నీ ఆయన ఉత్తరాలవే. 1942లో జపాన్ వాళ్ళొచ్చాక కాలినడకన బయల్దేరినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఇంటికి చేరలేదు.

ఆ సగం పేజీ తాతయ్య ఎనభై ఏళ్ళు ఖాళీగానే ఉంచాడు. నేను భూటాన్ పెట్టా.

అందుకే చెప్తున్నా, మొదటి రోజు చెయ్యాల్సింది ప్రతి పేజీకీ ఫోన్‌లో ఫోటో తియ్యడం, అంతే. ఇంకేం చెయ్యకండి. తర్వాత కొసలు మొద్దుగా ఉండే స్టాంపుల ట్వీజర్లు కొనుక్కోండి, కనుబొమ్మలవి కాదు, చిరుగుతాయి. ఆల్బమ్‌లు ఒకదాని మీద ఒకటి పడెయ్యకుండా నిలబెట్టండి, మన కోస్తా ఉక్కకి స్టాంపులు పేజీలకి అతుక్కుపోతాయి. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు పారెయ్యకుండా బీరువాలో వెయ్యండి.

భూటాన్ తీసేశా. హింజులు, అంటే స్టాంపుని పేజీకి అంటించే చిన్న గమ్ కాగితం ముక్కలు, ఉన్న చోట కాగితం రంగు తేడాగా ఉంటుంది, ఆ గుర్తులు చూసి పాతవి మళ్ళీ పెడుతున్నా. రెండింటికి మాత్రం చోటు తెలీట్లేదు, కవర్లో వేసి ఉంచా. సంక్రాంతికి చిన్న నానమ్మ వస్తుంది, అడగాలి.