సిరిమాను ఎటెళ్ళింది?

పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు విజయనగరమంతా ఒకటే మాట మీద ఉంటుంది, మా నాన్న, మా పెద్దమావయ్య తప్ప. ఇద్దరికీ ఫిల్మ్ కెమెరాల పిచ్చి. నాన్నది యాషికా మ్యాట్ 124జి. నడుం దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, గరుకు అద్దంలోకి తల వంచి చూడాలి. మావయ్యది 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2. కంటికి ఆనించి చూసే రకం.

"బావా, నువ్వు ఫొటో తీస్తన్నావో, అమ్మవారికి దండం పెడతన్నావో తెలీదు!" అన్నాడు మావయ్య.

"ఫొటోలో పడేదాంట్లో నీ కిటికీలో కనపడేది నూటికి తొంభై మూడు పాళ్ళేనంట కదా. మిగిలిన ఏడూ ఎవులు చూస్తారు?"

మావయ్యకి ఆ కిటికీలో కనిపించే ఫోకసింగ్ స్క్రీన్ మధ్యనున్న గుండ్రటి గడి అంటే ప్రాణం. ఫోకస్ కుదరకపోతే అందులో బొమ్మ రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. రింగు తిప్పితే అతుక్కుంటుంది. అంతా బాగానే ఉంది గానీ, ఆయన ఈసారి ఎఫ్/5.6 జూమ్ తగిలించుకొచ్చాడు. అంత తక్కువ వెలుతురు లెన్సుకి ఆ గడిలో సగం నల్లబడిపోతుంది. కన్ను కాస్త జరిపితే మిగతా సగం నల్లబడుతుంది. డాబా మీద ఆయన తల అటూ ఇటూ ఊపుతుంటే, పూనకం వచ్చిందేమోనని మా అమ్మ పసుపునీళ్ళు తెచ్చింది.

ఇంతలో సిరిమానుకి ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, జాలరి వల దాటాయి. సిరిమాను, అదే ఆ పొడవాటి చింతమాను, కొసన పూజారి కూర్చుని వస్తున్నాడు. జనం అరటిపళ్ళు విసురుతున్నారు.

నాన్న అద్దంలో కుడి ఎడమలు తారుమారు. సిరిమాను ఎడమకి వెళ్తుంటే, అద్దంలో కుడికి పోతోంది. దాన్ని పట్టుకుందామని నాన్న కుడికి తిరిగాడు. అది ఇంకా జోరుగా పారిపోయింది. ఇంకా తిరిగాడు. అలా తిరిగి తిరిగి పక్కింటి డాబాకి ఎదురుగా నిలబడ్డాడు, తల ఎత్తకుండానే. అక్కడున్న ఆడవాళ్ళు చీరలు సర్దుకుని, పిల్లల్ని ముందుకి లాగి, వరసగా నవ్వారు. నాన్న టకటకా నొక్కేశాడు.

"బావా, మొత్తం మసకైపోనాది! ఇందాక సగమే పోయింది!" మావయ్య రింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పేస్తున్నాడు. లెన్సు మీద బాగా ముగ్గిన అరటిపండొకటి నిండుగా పరుచుకుని ఉంది.

అమ్మ కొంగుతో తుడవబోతే, "ఆగక్కా, ఇది స్క్రీన్ దోషం" అన్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు. గుండ్రటి గడి లేని బి2 స్క్రీన్ కోసం వెతుకుతున్నాడు.

పక్కింటివాళ్ళు మాత్రం ఫొటోలు ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. ఒక్కోటి నాలుగేసి కాపీలు కావాలంట.